నలభై అంగల దూరంలో కాపురం

వైనో కాఫీ తాగితే పక్కగదిలోకి వినిపిస్తుంది. చక్కెర బిళ్ళ ముందుపళ్ళ మధ్య ఇరికించుకుని, కాఫీ సాసర్లో పోసుకుని, ఆ బిళ్ళ మీదుగా జుర్రుతాడు. సుపీరియర్ సరస్సు ఒడ్డుకి గని పనులకని వలసొచ్చిన ఆ వయసు ఫిన్నిష్ మగాళ్ళందరూ అలాగే తాగుతారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో సైమా ఆ చప్పుడుని ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ జనవరిలో మాత్రం ఆమెకి అదొక్కటే వినిపించడం మొదలుపెట్టింది.

అంతకుముందు చలికాలాలు వేరు. వైనో తెల్లారకముందే అన్నం డబ్బా పట్టుకుని రాగి గనిలోకి దిగేవాడు, చీకటి పడ్డాక ఇంటికొచ్చేవాడు. సైమాకి బడి వంటగదిలో పని. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు తీరిగ్గా చూసుకునేది ఆదివారాలే. ఆ వేసవిలో గని మూతపడింది. గనిని నమ్ముకున్న కుటుంబాలు చాలా వరకు డెట్రాయిట్ దారి పట్టాయి. పిల్లలు లేక బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. దాంతో వైనో, సైమా ఇద్దరూ ఇంటి పట్టునే మిగిలారు. వాళ్ళకి పిల్లలు లేరు. ఇల్లు ఊరికి రెండు మైళ్ళ అవతల, దారి చివర. ఆ దారిలో మంచు తోసే బండి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

ఆ ఏడు మంచు అక్టోబరు రెండో వారంలోనే మొదలైంది. సుపీరియర్ సరస్సు మీంచి గాలి లేచిన రోజల్లా కురుస్తూనే ఉంది. క్రిస్మస్ నాటికి కింది గది కిటికీలు సగం వరకు కప్పుకుపోయాయి. వైనో రెండు సార్లు తవ్వి వెలుతురు రప్పించాడు. రెండు సార్లూ గాలి వాటిని మళ్ళీ పూడ్చేసింది. కొత్త సంవత్సరం రోజున పార గోడకి ఆనించి, "ఉండనీ, చలి లోపలికి రాకుండా అడ్డం ఉంటుంది" అన్నాడు. ఆ రోజు నుంచి పట్టపగలు కూడా వంటింట్లో దీపం వెలుగుతూనే ఉండేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మధ్య తేడా గోడ గడియారం చెబితే తెలియాలి.

వైనో ఊరికే కూర్చునే మనిషి కాదు. గోడ పక్కనించి నడుస్తుంటే గోడమీద మూడు దెబ్బలు కొడతాడు. బల్ల దగ్గర కూర్చుంటే బల్ల మీద మూడు దెబ్బలు. ఒక కీర్తనలో రెండు పాదాలు కూనిరాగం తీసి, మూడోది అందుకోకుండా మళ్ళీ మొదటికొస్తాడు. రోజుకి నాలుగు సార్లు వాకిట్లో కర్ర దించి మంచు కొలిచి వస్తాడు.

"ఇంకో తొమ్మిది అంగుళాలు, సైమా."

సైమా ఏమీ అనదు. పాత బట్టలు పేలికలుగా కత్తిరించి ఉండలు చుట్టుకుంటూ ఉంటుంది. మగ్గం మీద తివాచీలు నేయడానికి ఆ ఉండలు కావాలి.

"విన్నావా? తొమ్మిది."

తల ఊపుతుంది. జనవరి మొదటి వారం తర్వాత ఆమె అవసరమైతే తప్ప నోరు విప్పలేదు. నోరు విప్పితే ఏం బయటికొస్తుందో ఆమెకే తెలియదు.

ఒక మంగళవారం పొద్దున ఆమె రై పిండి రొట్టె కోస్తోంది. వెనకాల వైనో కాఫీ జుర్రుతున్నాడు. తెలియకుండానే ఆమె ఆ జుర్రులు లెక్కపెడుతోంది. పంతొమ్మిది అయ్యాక చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు ఇరవయ్యోది వచ్చింది. అప్పుడు ఆమె చేతి కిందకి చూసుకుంది. ఇద్దరికీ నాలుగు ముక్కలు చాలు. వారానికని కాల్చిన రొట్టె మొత్తం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కోసేసి ఉంది. కత్తి చెక్క బల్లలోకి దిగబడి ఉంది.

సైమా కత్తి ఊడదీసి, కడిగి, తుడిచి, సొరుగులో పెట్టింది. తర్వాత గదిలోకి వెళ్ళి రెండు దుప్పట్లు, ఒక దిండు, పేలికల మూట, కత్తెర తెచ్చుకుంది. ఒక బుట్టలో చిన్న కాఫీ కెటిల్, సగం రొట్టె, వెన్న పెట్టుకుంది. బూట్లు తొడుక్కుంటుంటే వైనో సాసర్ దించాడు.

"ఎక్కడికి?"

"సౌనాకి."

"ఇవాళ మంగళవారం."

"తెలుసు."

సౌనాలో ఆవిరి స్నానం శనివారం. ఆ సంగతి ఆ ప్రాంతంలో పశువులకి కూడా తెలుసు. వైనో సాసర్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

సౌనా ఇంటి వెనకాల నలభై అంగల దూరంలో ఉంది. దుంగలతో వైనోయే కట్టాడు. పెళ్ళైన మొదటి చలికాలం, ఇల్లు లేవకముందు, ఇద్దరూ కాపురం పెట్టింది అందులోనే. లోపలి గదిలో రాళ్ళు పేర్చిన పొయ్యి, మెట్లలాగా రెండు అరుగులు. బయటి గది బట్టలు మార్చుకోవడానికి. అందులో ఒక చిన్న ఇనప పొయ్యి, ఒక బెంచీ. ఆ గదికి అరచేయంత కిటికీ ఉంది. అక్కడ గాలి వాలు ఎలాంటిదో గానీ ఆ కిటికీ ముందు మంచు నిలవదు. సైమా పొయ్యి రాజేసి బెంచీ మీద కూర్చునేసరికి కిటికీలోంచి వెలుతురు ఆమె ఒళ్ళో పడింది. సూర్యుడేమీ లేడు, వట్టి బూడిదరంగు వెలుతురు. ఆమె చాలాసేపు చేతులు దాని కింద పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది.

"ఎవరూ?"

"ఎవరేంటి? నేనే."

"ఏం కావాలి?"

"ఉప్పెక్కడుంది?"

"పొయ్యి పక్క అలమరలో, ముప్ఫై ఏళ్ళుగా ఉన్నచోటే."

అడుగుల చప్పుడు దూరమైంది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఈసారి కట్టెలు తెచ్చాడు. గుమ్మం బయటే పేర్చి, "లోపలికి రావచ్చా?" అన్నాడు.

"రావద్దు."

"ఎందుకొచ్చేశావో చెప్పవు కదా."

"ఎందుకూ లేదు."

"ఎందుకూ లేకుండా ఎవరైనా ఇల్లొదిలిపెడతారా?"

"ఇల్లొదల్లేదు. నలభై అంగలు జరిగానంతే."

వైనో గుమ్మం కమ్మీ మీద మూడు దెబ్బలు కొట్టి వెళ్ళిపోయాడు. సైమా పళ్ళు బిగించింది. అయినా తలుపవతలి దెబ్బలు చెవి పక్కన దెబ్బలంత కాదు.

శనివారం అతను తువ్వాలు భుజాన వేసుకుని, ఉతికిన బనీను చేత్తో పట్టుకుని వచ్చాడు. అడుగుతుంటే సిగ్గుపడ్డాడు.

"స్నానం సంగతి ఏం చేద్దాం మరి?"

"శనివారం కదా, రా."

ఎప్పటిలాగే ఇద్దరూ పై అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. రాళ్ళ మీద నీళ్ళు చల్లారు. చెమటలు కారాయి. ఆవిరిలో మాట్లాడటం వాళ్ళకి మొదటినుంచీ అలవాటు లేదు. స్నానమయ్యాక వైనో బట్టలు తొడుక్కుని టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"వెళ్దామా?"

"నువ్వెళ్ళు."

వెళ్ళాడు.

ఆదివారం హిల్యా వచ్చింది. మైలు దూరంలో ఉండే ఇరుగింటావిడ. మంచు ఎంతున్నా కాళ్ళకి పొడుగాటి చెక్క పలకలు కట్టుకుని దానిమీద జారుకుంటూ వచ్చి నాలుగు కబుర్లు వినందే ఆవిడకి వారం గడవదు. ముందు ఇంటికి వెళ్ళి, వైనో పెనం మీద ఏదో మాడ్చుకుంటుంటే చూసి, అక్కణ్ణుంచి సౌనాకి వచ్చింది. బూట్లకి మంచు దులుపుకోకుండానే బెంచీ మీద కూలబడింది.

"కొట్టాడా?"

"లేదు."

"తాగుతున్నాడా?"

"లేదే."

"నాతో కూడా దాస్తావా, పిల్లా? మరేం చేశాడు?"

సైమా కత్తెర ఆపింది. "కాఫీ జుర్రుతాడు."

నవ్వుతుందనుకుంది. హిల్యా నవ్వలేదు. వెచ్చటి గదిని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది, బెంచీ మీద దుప్పటి తడిమింది.

"మా ఆయన పళ్ళు కొరుకుతాడు. నిద్దట్లోనే కాదు, మెలకువగా ఉన్నప్పుడు కూడా. నాకూ ఇలాంటి చోటుంటే ఎప్పుడో వచ్చేద్దును. మా సౌనా వాళ్ళన్నతో ఉమ్మడి. వెళ్తే వాళ్ళన్న దగ్గులు వినాలి."

కాఫీ తాగి లేస్తూ అడిగింది, "మరి చర్చిలో అడిగితే ఏం చెప్పమంటావు?"

"ఏమీ చెప్పకు."

"అది నావల్ల అయ్యే పని కాదులే" అని నిజాయితీగా ఒప్పుకుని వెళ్ళింది.

ఆ పై గురువారం తుఫాను పట్టింది. పొద్దున పది దాకా ఇల్లు కనిపిస్తూనే ఉంది. పదిన్నరకి పొగగొట్టం మాత్రం కనిపించింది. పదకొండుకి కిటికీ అవతల దుప్పటి కట్టినట్టు తెల్లగా ఉంది, అంతే. గాలి సౌనా దుంగల్ని కూడా మూలిగిస్తోంది. సైమా పొయ్యిలో రెండు కట్టెలు ఎక్కువ వేసింది. ఇవాళ రాడులే అనుకుంది. తర్వాత గురువారమని గుర్తొచ్చింది. గురువారం ఆ ఇంట్లో ఎండు బఠాణీల సూపు. గనిలో ఉన్నప్పుడు కూడా గురువారం డబ్బాలో అదే. వండటం అతనికి సరిగా రాకపోయినా గురువారం గురువారమే. వండితే ఆమెకీ తెస్తాడు.

పన్నెండు దాటింది. సైమా లేచి తలుపు తీసింది. మంచు మొహాన కొట్టింది. ద్వారబంధం పట్టుకుని చెవి ఒగ్గింది. గాలి తప్ప ఏమీ లేదు. తలుపు మూసింది. కూర్చోలేక మళ్ళీ తీసింది.

అప్పుడు వినపడింది. గిన్నె మీద గరిటె దెబ్బ. టంగ్, టంగ్, టంగ్. ఆగి, మళ్ళీ మూడు. అది ఇంటి వైపు నుంచి రావడం లేదు. ఎడమ చేతి వైపు నుంచి, అడవి ఉన్న దిక్కు నుంచి వస్తోంది. అటు సరస్సు దాకా ఒక్క ఇల్లు లేదు.

"వైనో! ఇటూ!"

నోట్లోంచి వచ్చిన మాటని గాలి అక్కడే లాక్కుపోయింది. మళ్ళీ మూడు దెబ్బలు వినిపించాయి. ఈసారి ఇంకా సన్నగా.

ఆమె లోపలికి పరిగెత్తి స్నానాల రేకు బేసిన్, నీళ్ళు చల్లే గరిటె తెచ్చింది. గుమ్మం దాటలేదు. దాటితే పోయేది ఇద్దరూ అని ఆమెకి తెలుసు. ఎడమ భుజం ద్వారబంధానికి ఆనించి బేసిన్ బోర్లా తిప్పి బాదింది. మూడు కొట్టి ఆగింది. మళ్ళీ మూడు కొట్టి ఆగింది. ఆగినప్పుడు వింటోంది. చాలాసేపు ఏ జవాబూ లేదు. ఆమె చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి, గరిటె జారుతోంది. అప్పుడు మూడు దెబ్బలు తిరిగొచ్చాయి. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. గిన్నె చప్పుడు కుడికి జరిగింది, కాసేపు తప్పిపోయింది, మళ్ళీ దొరికింది, కాస్త దగ్గరైంది.

అతను పాక్కుంటూ వచ్చాడు. ముందు గిన్నె, వెనక మనిషి. మూత పోయింది. కనుబొమల మీద, మీసం మీద మంచు గడ్డకట్టింది. ఆమె కోటు కాలరు పట్టుకుని లోపలికి ఈడ్చి తలుపు వేసింది. అతను నేల మీద కూర్చుని గిన్నెలోకి తొంగిచూశాడు. అతని నోట వచ్చిన మొదటి మాట ఇది:

"సూపు కొంచెం ఒలికిపోయింది."

"సూపుకేం తొందరొచ్చింది, పిచ్చి మనిషీ! తాడు కట్టుకుని రావొద్దూ?"

"నలభై అంగలకి తాడెందుకనుకున్నా."

ఆమె అతని బూట్లు లాగేసి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. ఎడమ కాలి రెండు వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. అవి ఎర్రబడి, అతను నొప్పికి కేక పెట్టేదాకా వదల్లేదు. అతని కేక వినడం ఆమెకి హాయిగా ఉంది. తర్వాత మిగిలిన సూపు వేడిచేసింది. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరూ తిన్నారు.

తుఫాను శనివారం పొద్దుటి దాకా తగ్గలేదు. వంటింట్లో ఇమడలేని ఇద్దరు మనుషులు అంతకంటే చిన్న గదిలో రెండు రోజులు చిక్కుపడ్డారు. సైమా బెంచీ మీద, వైనో లోపలి అరుగు మీద పడుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం అతను కట్టెల పెట్టె మీద వేళ్ళతో మూడు దెబ్బలు కొట్టాడు. సైమా పేలికలు పక్కన పెట్టింది.

"అదెందుకు కొడతావు?"

"ఏది?"

"అదే. ఆ మూడు."

వైనో తన చేతివైపు కొత్తగా చూసుకున్నాడు. "కొడతానా?"

"గోడ మీద, బల్ల మీద, తలుపు మీద. రోజంతా."

అతను ఆలోచించాడు. "ట్రెవారో వల్లయ్యుంటుంది."

ట్రెవారో అతనికి గనిలో జోడీ. పంతొమ్మిదేళ్ళు ఒకే సొరంగంలో పనిచేశారు. ఆయన పేరు సైమాకి తెలుసు, ఆయన చనిపోయినప్పుడు వెళ్ళొచ్చింది కూడా. కానీ వైనో ఆయన గురించి ఇంట్లో పట్టుమని పది మాటలు చెప్పింది లేదు.

"మొదట్లో ఆయన ఇంగ్లీషు నాకు రాదు, నా ఫిన్నిష్ ఆయనకి రాదు. ఆయనో మూల, నేనో మూల. మధ్యలో చీకటి. అప్పుడప్పుడూ బండ మీద మూడు కొట్టేవాడు. నేనూ మూడు కొట్టేవాణ్ణి. బతికే ఉన్నావా అంటే ఉన్నానని. అంతకంటే మాట్లాడుకోవాల్సిందేముంది అక్కడ? కొడితే జవాబు రాలేదనుకో, పార వదిలేసి పరిగెత్తాలి."

"ఎప్పుడైనా రాలేదా?"

"రెండుసార్లు. ఒకసారి నిద్రపోయాడు."

రెండో సారి సంగతి అతను చెప్పలేదు. ఆమెకి ఆ అంత్యక్రియలు గుర్తొచ్చాయి.

"ఇక్కడ నేనెదురుగానే ఉన్నాను కదా," అంది సైమా. "దీపం కూడా ఉంది. బతికే ఉన్నావని నాకు కనపడుతూనే ఉంది."

"నేను నీకు కనపడతాను సరే. నువ్వు?" వైనో గొంతు పెద్దదైంది. ఆ చలికాలంలో అతను గొంతు పెంచడం అదే మొదటిసారి. "పలకవు. తొమ్మిది అంగుళాలంటే ఊఁ అనవు. గోడతో మాట్లాడితే కనీసం సున్నమైనా రాలుతుంది. ఆ మూలన చేరి చిరక్ చిరక్ మని బట్టలు కత్తిరిస్తూ కూర్చుంటావు. ఒక్కోసారి భయమేస్తుంది, తెలుసా?"

"నాకేనా చెబుతావు భయం సంగతి? నేను లెక్కపెడుతూ రొట్టంతా కోసేశాను!"

"ఏం లెక్కపెడుతూ?"

"నీ జుర్రులు."

"ఎన్నయ్యాయి?"

"ఇరవై."

వైనో అది నిజమో కాదో మనసులోనే సరిచూసుకుంటున్నట్టు తల వంచాడు. "కప్పు పెద్దది," అన్నాడు చివరికి.

సైమాకి నవ్వొచ్చింది గానీ అణచుకుంది. అతను చూశాడు.

దాంతో అన్నీ సర్దుకుపోలేదు. ఆ సాయంత్రమే పొయ్యిలో కట్టె ఎటు తిప్పి పెట్టాలన్న దానిమీద ఇద్దరూ అరగంట పోట్లాడుకున్నారు. కాకపోతే ఇద్దరూ మాట్లాడారు.

శనివారం గాలి ఆగింది. ఆవిరి స్నానం చేశారు. వైనో తలుపు తోస్తే తెరుచుకోలేదు. భుజంతో నెట్టి, విడిన కాస్త సందులోంచి చేత్తో మంచు తవ్వుకుంటూ బయటపడ్డాడు. వెలుతురు కళ్ళు పొడిచేలా ఉంది.

"వస్తున్నావా?"

"ఇంకా లేదు."

"ఎప్పుడొస్తావు?"

"వచ్చినప్పుడు వస్తాను. నీ మీద కోపం లేదు, వెళ్ళు."

వైనో వెళ్ళి ఇంటి తలుపు తవ్వుకుని, మొదటి పనిగా బట్టలారేసే తాడు తెచ్చి ఇంటి గుమ్మం నుంచి సౌనా గుమ్మం దాకా కట్టాడు. మర్నాడు పొద్దున సైమా పొయ్యి రాజేశాక తలుపు తీసి బేసిన్ మీద మూడు కొట్టింది. ఇంటి వైపు నుంచి పార మీద మూడు దెబ్బలు వినిపించాయి. ఆమె తలుపు వేసుకుని కాఫీ పెట్టుకుంది. రోజూ అలాగే చేసింది.

ఫిబ్రవరి ఏడున పేలికలు అయిపోయాయి. మగ్గం ఇంట్లో ఉంది. ఉండలన్నీ గోనెసంచిలో వేసుకుని, దుప్పట్లు మడిచి ఆమె ఇంటికి తిరిగొచ్చింది. వైనో రెండు కప్పులు తీశాడు. కాఫీ జుర్రాడు. ఆమెకి వినపడింది. భరించగలిగింది, ఆ రోజుకి.

వారం తిరక్కుండానే వైనో పొగాకు డబ్బా, పాత పేపర్ల కట్ట, ఒక దుప్పటి చంకన పెట్టుకున్నాడు. "ఇప్పుడు నా వంతు. ఏముందో అందులో నేనూ చూస్తాను" అని సౌనాకి వెళ్ళాడు. మూడో రోజు మధ్యాహ్నం ఉప్పు కావాలని వచ్చాడు. ఉప్పు తీసుకున్నాడు గానీ కదల్లేదు. సైమా మగ్గం మీంచి తలెత్తకుండానే అంది:

"ఎలా ఉంది?"

"నిశ్శబ్దంగా ఉంది."

"బాగుందా?"

"ఏం బాగు? మంచు కొలిస్తే చెప్పడానికి మనిషి లేదు. ఇవాళ ఆరు."

"ఆరేనా? పొద్దున చూస్తే ఎక్కువనిపించింది" అంది సైమా.

వైనో కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

అప్పటినుంచి ఒక పద్ధతి కుదిరింది. సైమా మంగళవారం పొద్దున వెళ్తుంది, శుక్రవారం సాయంత్రం వస్తుంది. శనివారం స్నానం, ఆదివారం చర్చి, సోమవారం ఇద్దరూ కలిసి ఇంట్లోనే. ఏప్రిల్ చివర్లో కిటికీలు బయటపడేదాకా అలాగే నడిచింది. పాస్టర్ ఒకసారి దారిలో వైనోని ఆపి ఇంట్లో అంతా సవ్యమేనా అని అడిగాడు. సవ్యమే, మంగళవారం నుంచి శుక్రవారం దాకా మరీ సవ్యం అన్నాడు వైనో. హిల్యా ఈ సంగతి చెప్పని గడప లేదు. విన్న ఆడవాళ్ళలో నవ్విన వాళ్ళు కొందరు. సౌనా కొలతలు అడిగిన వాళ్ళు ఇంకా ఎక్కువ.

వేసవి అంతా వైనో కట్టెలు కొట్టాడు, సైమా బెర్రీలు ఏరి సీసాలకెత్తింది. ఆ మంగళవారాల ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. సెప్టెంబరు చివరి వారంలో ఒక రోజు సౌనా నుంచి సుత్తి చప్పుడు వినిపించి సైమా వెళ్ళి చూసింది. బయటి గదిలో బెంచీ తీసేసి ఉంది. ఆ చోట వైనో మంచం బిగిస్తున్నాడు. నాలుగు కాళ్ళూ నిలబడ్డాయి, పలకలు ఇంకా కొట్టలేదు.

"పడుకో, ఒకసారి," అన్నాడు చెవి వెనక నుంచి పెన్సిల్ తీస్తూ. "పొడుగు చూద్దాం."

సైమా చెప్పులు విడిచి అడ్డ పట్టీల మీద జాగ్రత్తగా వెల్లకిలా పడుకుంది. వైనో ఆమె పాదాల దగ్గర గీత గీయబోయాడు.

"ఇంకో నాలుగు వేళ్ళు జరుపు."

"సరిపోతుందిగా."

"నేను నిటారుగా పడుకుంటాను, నీలాగా ముడుచుకుని కాదు. జరుపు."

అతను నాలుగు వేళ్ళు పెట్టి కొలిచి గీత గీశాడు. దానికి సరిపడే చెక్క అక్కడ లేదు. ఇంకోటి తేవడానికి కొట్టంలోకి వెళ్ళాడు.